ఇనుప రథాల ముందు దేవుడు: సమన్వయమా, అగమ్యమా?

బైబిల్లోని న్యాయాధిపతులు 1:19లో దేవుడైన యెహోవా ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన యూదావారికి తోడుగా ఉన్నాడు, కొండసీమ వాళ్ల చేతికొచ్చింది. లోయలోని వాళ్లకు ఇనుప రథాలు ఉండడంతో వాళ్లను మాత్రం వెళ్లగొట్టలేకపోయారు. మత్తయి 19:26 చూస్తే దేవునికి సమస్తం సాధ్యమే. మరెలా?

ఒక దారి సమన్వయం, అంటే రెండు వచనాలకూ పొత్తు కుదర్చడం. చేతకానిది యూదావారికే, దేవునికి కాదంటారు. ఆధారం లేకపోలేదు. ఇనుప రథాలున్నా ఆ దేశవాసులైన కనానీయుల్ని వెళ్లగొడతారని యెహోషువ 17:18లో ఇశ్రాయేలు నాయకుడు యెహోషువ యోసేపు సంతతికి ముందే చెప్పాడు. న్యాయాధిపతులు 4లో కనానీయుల సేనాధిపతి సీసెరా తెచ్చిన 900 ఇనుప రథాలు ఎందుకూ కొరగాలేదు. ఇక్కడ ఈ పద్ధతి బాగానే నిలబడుతుంది. చిక్కంతా 1 సమూయేలు 15తోనే. సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని 11వ వచనం, ఆయన పశ్చాత్తాపపడడని 29, మళ్లీ పడ్డాడని 35. అన్నీ ఒకే అధ్యాయంలో! దీన్ని అతుకు కనబడకుండా కుట్టడం కష్టమే.

రెండో దారి, దేవుని మార్గాలు అగమ్యం, అంటే మన బుద్ధికి అందనివన్న రోమా 11:33ను పట్టుకోవడం. యోబు 38లో దేవుడు కష్టాలపాలైన యోబుతో సుడిగాలిలోంచి మాట్లాడతాడు గానీ అతని బాధకు కారణం చెప్పడు. భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావని ఎదురు అడుగుతాడు. వినయం ఉన్న దారే. కాకపోతే, అడిగినవాళ్ల నోరు మూయించడానికి దీన్ని వాడేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లు యోబు 42:7 చదవాలి: దేవుణ్ణి నిలదీసిన యోబు యుక్తంగా మాట్లాడాడట, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల మీదే ఆయనకు కోపం.

రథాల విషయంలో నేను సమన్వయం వైపే. సౌలు అధ్యాయం దగ్గర మాత్రం మూడు వచనాలనూ ఉన్నవి ఉన్నట్టే చదువుతాను.