తోవా పాయో డ్రాగన్ ప్లేగ్రౌండ్: చిన్నపిల్లలున్న వాళ్లకి నా రివ్యూ

సింగపూర్‌లో చిన్నపిల్లల్ని ఆడించడానికి ఎక్కడికి తీసుకెళ్లాలని తెలిసినవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది తోవా పాయో పేటలో లోరోంగ్ 6 అనే వీధిలో ఉన్న డ్రాగన్ ప్లేగ్రౌండ్. మా పెద్దాడు నడక నేర్చిన కొత్తలో వెళ్లడం మొదలుపెట్టాం. ఇప్పుడు వాడు స్కూలుకెళ్తున్నాడు, చిన్నదానికి మూడేళ్లు దాటాయి. ఇద్దరికీ ఇంకా విసుగు పుట్టలేదు. టికెట్టు లేదు, గేటు లేదు. ఫ్లాట్లలో ఉండే పిల్లల కోసం కట్టిన ఆటస్థలం, అంతే.

ఈ దేశంలో దాదాపు 80 శాతం మంది ఉండేది హెచ్‌డీబీ అనే ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే. ఆ సంస్థలో పనిచేసిన ఖోర్ ఈన్ ఘీ అనే డిజైనర్ 1979లో ఈ డ్రాగన్‌కి రూపమిచ్చారు. ఆ రోజుల్లో పేటకో బొమ్మ అన్నట్టు పావురం, ఏనుగు, పెలికాన్ పక్షి, పుచ్చకాయ ముక్కలు, ఇలా రకరకాల ఆకారాల్లో ప్లేగ్రౌండ్లు కట్టారు. 1990లు వచ్చేసరికి ఇసుక పోయి రబ్బరు నేల వచ్చింది, బొమ్మల బదులు బయటి కంపెనీల నుంచి కొన్న రెడీమేడ్ సెట్లు వచ్చాయి. పాతవి చాలావరకు తీసేశారు. ఈ డ్రాగన్‌ని మాత్రం ఉంచారు. అందుకు నాకు ఇప్పటికీ చాలా సంతోషం.

చిన్న చిన్న టైల్స్ అతికించిన పెద్ద తల, దాని వెనక వెన్నెముకలా వంపులు తిరిగిన రంగురంగుల ఇనప కడ్డీలు, కింద ఇసుక. మన పాత ఇళ్లలో ఉండే మొజాయిక్ గచ్చు లాంటి నున్నటి జారుడుబల్ల. గుండ్రంగా తిరిగే చక్రాలు, మీటలు నొక్కితే పాటలొచ్చే బోర్డుల్లాంటివి ఏమీ లేవు. కొత్త ప్లేగ్రౌండ్లకి అలవాటుపడ్డవాళ్లు మొదటిసారి చూసి, ఇంతేనా అంటారు. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. కానీ పిల్లల్ని ఓ అరగంట వాళ్ల మానాన వదిలేసి చూడండి. కొత్త సెట్లలో ఏ వస్తువుతో ఏం చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది. ఇది ఎక్కు, అది తిప్పు, ఇక్కడ జారు. ఇక్కడ ఆట పిల్లలే కల్పించుకోవాలి. మావాడికి ఈ డ్రాగన్ ఒకరోజు బస్సు, ఇంకోరోజు ఓడ. చిన్నది ఇసుకతో ముద్దలు కలిపి దాని మూతికి పూస్తూ, తిను నాన్నా అని బతిమాలుతుంది.

అసలు మా పిల్లలకి ఈ చోటు ఇంత నచ్చడానికి కారణం మా అత్తయ్యగారు. ఆవిడ బెజవాడ నుంచి వచ్చినప్పుడు, ఊరికే బెంచీ మీద కూర్చోలేక చెప్పులు విప్పి ఇసుకలోకి దిగారు. పాదం మీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి గట్టిపరిచి, మెల్లగా పాదం వెనక్కి లాగి పిచ్చుకగూడు కట్టి చూపించారు. అంతే, మావాళ్లతో పాటు అక్కడున్న చైనా పిల్లలు, మలయ్ పిల్లలు అందరూ చుట్టూ చేరిపోయారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, వాళ్లకి తెలుగు రాదు. సాయంత్రం దాకా ఎవరికీ ఆ లోటు తెలియలేదు. తర్వాత గుజ్జనగూళ్లు కూడా నేర్పారు. ఆవిడ తిరిగి వెళ్లిపోయినా ఆ ఆట ఇక్కడ నిలిచిపోయింది. మేం లేకుండానే వేరే పిల్లలు పిచ్చుకగూళ్లు కడుతుంటే నా కళ్లతో చూశాను. రబ్బరు నేల మీద ఇది కుదిరే పనేనా చెప్పండి.

వాన వెలిసిన మర్నాడు వెళ్తే ఇసుక సరైన తడి మీద ఉంటుంది, గూళ్లు నిలబడతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం వానలు వదలవు. ఇసుకలో నీళ్లు నిలిస్తే ఆట సాగదు, ఆకాశం చూసుకుని బయల్దేరాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఎండ. భూమధ్యరేఖ పక్కనే ఉన్న దేశం కదా, నెత్తిన నీడ లేక మధ్యాహ్నానికల్లా టైల్స్, కడ్డీలు చుర్రుమంటాయి. పొద్దున తొమ్మిదిలోపు గానీ, సాయంత్రం ఐదున్నర తర్వాత గానీ వెళ్లండి. ఏడు దాటాకే చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రం టైమ్ సరిపోతుంది. మూడేళ్లలోపు పిల్లల్ని ఆ కడ్డీల మీద ఒంటరిగా వదలొద్దు. వాళ్ల కాళ్లు ఒకదాని మీంచి ఇంకోదానికి అందవు. జారుడుబల్ల కూడా గట్టిది, తల తగిలితే దెబ్బే. పక్కనే నిలబడాలి. ఇసుకలోకి దింపే ముందు పిల్లి మలం, పదునైన ముక్కలేమైనా ఉన్నాయేమో ఒకసారి కలియచూడటం నాకు అలవాటు.

ఇంకో చికాకు ఫోటోల వాళ్లు. ఈ డ్రాగన్ అందరికీ తెలిసిన గుర్తు అయిపోయింది కాబట్టి శని, ఆదివారాల్లో టూరిస్టులు, పెళ్లి ఫోటోలు తీయించుకునే జంటలు వస్తుంటారు. ఒక ఫోటోగ్రాఫర్ పిల్లల్ని కాసేపు దిగమన్నాడు. వాళ్ల ఆట అయ్యేదాకా ఆగండి, ఇది వాళ్ల చోటు అని మర్యాదగానే చెప్పాను. ఆగాడు. మీరూ మొహమాటపడకండి. వీలైతే మామూలు రోజుల్లో వెళ్తే ఈ గొడవే ఉండదు.

ఆంగ్ మో కియో అవెన్యూ 3లో ఇలాంటిదే ఇంకో డ్రాగన్ ఉంది, దాని కింద రబ్బరు పరిచారు. బట్టలు పాడవుతాయని టెన్షన్ పడేవాళ్లకి అది నయం. మా పిల్లలు మాత్రం అక్కడ నాలుగుసార్లు ఎక్కి జారి, ఇంటికి పోదాం అంటారు. డకోటా క్రెసెంట్‌లోని పావురం ప్లేగ్రౌండ్ ఇసుకదే, నాకు అదీ ఇష్టం.

వెళ్లేవాళ్లకి కొన్ని సంగతులు. తోవా పాయో ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్‌లో దిగితే చిన్నపిల్లల అడుగులతో పావుగంట అనుకోండి. స్టేషన్ దగ్గరున్న హెచ్‌డీబీ హబ్ అనే భవనంలోనే టాయిలెట్ పని, తినే పని ముగించుకుని బయల్దేరతాం మేము. తాగడానికి కాక కాళ్లు కడగడానికి విడిగా ఒక సీసా నీళ్లు, పాత తువ్వాలు, రెండు ప్లాస్టిక్ పారలు చాలు. ఒకటి మనవాళ్లకి, ఒకటి అక్కడ కలిసే పిల్లలకి. శుక్రవారమైతే ముందు లోరోంగ్ 8లోని శ్రీ వైరవిమడ కాళియమ్మన్ గుడికి వెళ్లి, ఆ తర్వాత ఇటు వస్తాం. ఇసుక కాళ్లతో గుడికి వెళ్లలేం కదా.

పదేళ్లు దాటిన పిల్లలకి ఇది చిన్నదైపోతుంది. వాళ్లకైతే బిషాన్–ఆంగ్ మో కియో పార్కులో వాగు గట్టున పరుగెత్తడానికి బోలెడంత చోటుంది, అటు తీసుకెళ్లండి.