రాసిపెట్టిన కాగితమా, మన తరఫున మాట్లాడే మనిషా?

2020లో కోవిడ్ విజృంభించినప్పుడు అనేక ఆసుపత్రులు సందర్శకులను ఆపివేయడంతో, రోగి మత్తులో వెంటిలేటర్‌పై ఉండగా ఏం చేయాలన్నది కుటుంబాలు ఫోన్‌లోనే తేల్చుకోవలసి వచ్చింది. అలాంటి పరిస్థితికి ముందుగా సిద్ధపడే మార్గాలు ప్రధానంగా రెండు: చికిత్స విషయంలో మన కోరికలను రాసిపెట్టే లివింగ్ విల్, మన బదులు నిర్ణయించే ప్రతినిధి నియామకం.

రాతపత్రం బలం స్పష్టత. గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం వద్దనుకున్నవారి మాట, వారు మాట్లాడలేని స్థితిలోనూ నిలుస్తుంది. అయితే నయంకాని జబ్బును దృష్టిలో పెట్టుకుని "వెంటిలేటర్ వద్దు" అని రాసిన వాక్యం, కొన్నాళ్ల శ్వాస సాయంతో కోలుకునే అవకాశమున్న న్యుమోనియాకూ వర్తిస్తుందా అన్నది డాక్టరుకు అర్థం కాకపోవచ్చు. పైగా బీరువాలో భద్రంగా దాచిన కాగితం అర్ధరాత్రి అత్యవసర విభాగానికి తనంతట తాను చేరదు.

ప్రతినిధి ఆ సందేహాన్ని తీర్చగలరు: ఆక్సిజన్ అందుతోందా, మూత్రపిండాలు పనిచేస్తున్నాయా అని అడిగి, మారుతున్న పరిస్థితిని బట్టి బదులిస్తారు. కానీ కోవిడ్ లాంటి అంటువ్యాధి అయితే, ఒకే ఇంట్లో ఉండే ప్రతినిధికీ అదే జబ్బు సోకవచ్చు గనుక, వేరే ఇంట ఉండే మరొకరి పేరు కూడా చేర్చాలి. ఒకటే ఎంచుకోవాలంటే నేను మనిషి వైపే మొగ్గుతాను, అదీ ఆ మనిషితో అన్నీ విడమరచి మాట్లాడి ఉంటేనే. సాక్షులు, ధ్రువీకరణ నియమాలు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి.