అంబాసిడర్‌కు విండ్‌టోన్ హారన్ జత, రిలే: నాలుగేళ్లు వాడినంక

ఈ విండ్‌టోన్ (నత్తగుల్ల లెక్క గొట్టం చుట్టుకున్న) హారన్ జతకు సగం మార్కులే ఇస్త. మిగతావన్నీ దానెంట పెట్టిన 30 ఆంపియర్ల రిలేకే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్). బండి అంబాసిడర్ మార్క్ 4. నడిచేది నల్లగొండ, నార్కట్‌పల్లి, దేవరకొండ దిక్కు. ఎండ, దుమ్ము ఎంతుంటదో ఇక్కడోళ్లకు తెలిసిందే.

ఈ బండిల కరెంటు ముందు హారన్‌కు పోయి, అక్కడి నుంచి స్టీరింగ్ గొట్టంలోని వైరు గుండ బటన్‌కు వస్తది. బటన్ చేసేది ఆ వైరును ఎర్త్‌కు తాకించుడే. రెండు హారన్లు కలిసి 8 నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటయి. అంత లోడు బటన్ కింది చిన్న ఇత్తడి రేకు మీద పడితే, నొక్కినప్పుడల్లా రవ్వ లేసి రేకు నల్లబడ్తది. రిలే ఉంటే బటన్ మీద పడేది 0.2 ఆంపియర్ అంతే.

వైరింగ్ (30, 87, 86, 85 అంటే రిలే కాళ్ల మీద రాసున్న నంబర్లు): బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజ్ దాటి రిలే 30కి, 87 నుంచి హారన్లకు. రెండింటికీ 2.5 ఎంఎం వైరే వాడాలె. పాత సప్లై వైరు 86కి, బటన్ వైరు 85కి. హారన్ రెండో టెర్మినల్‌ను బాడీకి బిగించే చోట రంగు గీకి, బోల్ట్ వేసినంక వ్యాజిలిన్ పుయ్యాలె. ఇది వదిలేస్తే రిలే పెట్టి కూడ ఫాయిదా లేదు.

సప్పుడు నీరసమైతే కొత్త హారన్ కొనకముందే మల్టీమీటర్ తీయండి. హారన్ మోగుతుండంగనే దాని టెర్మినళ్ల మధ్య వోల్టేజ్ చూడాలె. మోగనప్పుడు 12 చూపిస్తే దాన్ని నమ్మొద్దు. మోగేటప్పుడు 11.5 పైన ఉంటే వైరింగ్ మంచిగున్నట్టే, తప్పు హారన్‌లోనే. 9, 10కి పడితే ఫ్యూజ్ క్లిప్పుల చిలుమో, ఎర్తో చూడండి. అసలే మోగకపోతే బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా హారన్‌కు పెట్టి చూస్తే నిమిషంల తేలిపోతది.

ఆగకుండ మోగుతుంటే 85 వైరు పీకండి. ఆగితే స్టీరింగ్ గొట్టంల వైరు తోలు ఊడి బాడీకి తాకుతుంది. ఆగకపోతే రిలే పాయింట్లు అతుక్కున్నయి. స్టీరింగ్ తిప్పినప్పుడే మోగినా మొదటి జబ్బే.

రెండో ఏడు ఒక హారన్ బొంగురుపోయింది. ఎనక మరను పావు చుట్టు తిప్పితే సర్దుకుంది. అట్ల తిప్పేటప్పుడు రెండోదాని వైరు పీకి ఉంచాలె, లేకుంటే ఏది పలుకుతుందో చెవికి దొరకది. మరీ తిప్పితే లోపలి పాయింట్లు తెరుచుకొని మొత్తమే ఆగుతది, లేకుంటే మూసుకొని కాలుతయి.

నచ్చనివి: ప్లాస్టిక్ మూతి ఎండకు తెల్లబడ్డది. టెర్మినళ్లకు రబ్బరు తొడుగులు లేవు, ఏటా వానల ముందు తుడవాల్సిందే. జతతో వచ్చిన పట్టీ పల్చన, బీటేసింది. కొత్తది వేసేటప్పుడు అది కూడ వంగే రేకే ఉండాలె, హారన్ బాడీకి తాకితే సప్పుడు చస్తది. మూతి కిందికి చూడాలె, నీళ్లు నిలవవు. అయినా కందిరీగ మట్టిగూడు కడ్తది. బండి నెల రోజులు కదలకపోతే ముందు అక్కడ సన్నపుల్ల పెట్టి చూడండి.