థంకా నేర్చుకునేవారి తొలి కిట్: గళ్ల కాగితాలు భేష్, బంగారు పొడి దండగ

టిబెట్ థంకా, అంటే గుడ్డ మీద వేసే బౌద్ధ చిత్రాల పద్ధతిలో బుద్ధుడి బొమ్మ గీయడం మొదలుపెట్టేవారి కోసం తయారైన కిట్ ఇది. పెట్టెలో గళ్లు అచ్చువేసిన ఏ3 కాగితాలు, కొయ్య చట్రానికి బిగించిన చిన్న కాన్వాసు, మూడు బ్రష్‌లు, గౌష్ రంగులు (నీళ్లలో కలిపే చిక్కటి రంగులు), బంగారు పొడి, సూచనల పుస్తకం ఉన్నాయి. పెట్టిన డబ్బుకు విలువంతా ఆ కాగితాల్లోనే ఉంది.

థంకా బొమ్మకు ఆధారం కొలత. మన శిల్పుల తాలమానం, అంటే విగ్రహాల కొలతల పద్ధతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ముఖం పొడవును 12 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక అంగుళం. ఇంచి కాదు, ఆ బొమ్మకే చెందిన కొలత. టిబెటన్లు సోర్ అంటారు. ఉష్ణీషం (బుద్ధుడి నడినెత్తిన ఉండే ఉబ్బు) 4, జుట్టు 4, ముఖం 12, మెడ 4, మెడ కింది నుంచి గుండె దాకా 12, గుండె నుంచి బొడ్డు దాకా 12. ఏ కిట్ కొన్నా స్కేలు పెట్టి ముందు ఈ లెక్క చూసుకోండి. ఇందులో అంగుళం 4 మిల్లీమీటర్లు, లెక్క ఎక్కడా తప్పలేదు. పేచీ పుస్తకంతోనే. నిలువెత్తు 125 అంగుళాలని రాశారు, గళ్లు మాత్రం 120 లెక్కవి. రెండూ సంప్రదాయంలో ఉన్నవే, 125 కాలచక్ర తంత్రం అనే బౌద్ధ గ్రంథానిది. కానీ కలిపి గీస్తే ముఖం ఒక లెక్కలో, మొండెం ఇంకో లెక్కలో పడుతుంది. పుస్తకం పక్కన పెట్టి గళ్లనే నమ్మండి.

గళ్లకు హెచ్ పెన్సిల్, బొమ్మకు హెచ్‌బీ వాడాలి. మొదట తల ఒక్కటే, చేయి కుదిరేదాకా. కళ్ల దగ్గరే అందరూ తడబడతారు. పై రెప్ప గీత విల్లులా వంగి, మధ్యలో కాస్త కిందికి దిగాలి. కనుపాప సగమే కనబడాలి. పాప మొత్తం గుండ్రంగా వేస్తే ధ్యానంలో ఉన్న ముఖం ఉలిక్కిపడ్డట్టు మారిపోతుంది. అందుకే పుస్తకం కళ్లను తొలి పాఠంలోనే పెట్టడం నచ్చలేదు. గురువుల దగ్గర కూడా రంగుల పని అంతా అయ్యాకే కళ్లు తెరుస్తారు, అంటే కళ్లు దిద్దుతారు.

కాన్వాసు ఫర్వాలేదు. సుద్ద, జిగురు పూత సమంగా ఉంది, వేలితో రుద్దితే పొడి రాలలేదు. రాలితే జిగురు తక్కువైనట్టు, వంచినప్పుడు పగిలితే ఎక్కువైనట్టు. నున్నదనం మాత్రం చాలదు, సన్నగీత అంచులు చెదురుతున్నాయి. కొద్దిగా తడిచేసి నున్నటి గులకరాయితో రుద్దితే సరిపోతుంది. నడిమి నిలువు గీత, అంటే బ్రహ్మసూత్రం, చట్రం అంచు నుంచి కొలిచి వేయొద్దు. చట్రం మూలలు సరైన లంబకోణంలో ఉండవు, ఆ వంకర బొమ్మకూ వస్తుంది. అడుగున ఒక అడ్డగీత వేసి, వృత్తలేఖినితో రెండు వైపులా చాపాలు గీసి లంబం తీయండి.

బ్రష్‌లలో అతి సన్నదానికి మొన నిలవదు, ఒకటి విడిగా కొనుక్కోవాలి. బంగారు పొడి ఇత్తడిది. గాలి తగిలి కొన్నాళ్లకు నల్లబడుతుంది. బుద్ధుడి దేహానికి దాన్ని అస్సలు వాడొద్దు, పసుపు గౌష్ నయం. గళ్ల కాగితాలు విడిగా అమ్మితే ఈ పెట్టె బదులు అవే రెండు కట్టలు తీసుకోండి.