లాన్ స్ప్రింక్లర్లు: అన్నీ ఒకేసారా, జోన్లుగానా?

బావి మోటారుకు ఆరు స్ప్రింక్లర్లు కలిపే ముందు బకెట్ పెట్టి చూడండి. 20 లీటర్ల బకెట్ 30 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు. స్ప్రింక్లర్లకు కావలసిన ప్రెషర్ మీద నడిస్తే ఈ లీటర్లు ఇంకా తగ్గుతాయి. ఒక్కోటి 10 లీటర్లు తీసుకుంటే మూడింటికే భరోసా.

ఒకే లైన్: ఖర్చు తక్కువ, పని తేలిక. కానీ ప్రెషర్ చాలక చివరి స్ప్రింక్లర్ దగ్గర గడ్డి ఎండుతుంది. అదే పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడి వల్ల పోయే ప్రెషర్ దాదాపు నాలుగింతలు. సన్నపైపు అసలు వద్దు.

జోన్లు: స్ప్రింక్లర్లను గుంపులు చేసి, ఒక్కో గుంపును వంతులవారీగా నడపడం. వాల్వులు, టైమరు, అదనపు పైపు ఖర్చు. తడపడానికి ఎక్కువసేపు పడుతుంది. మరీ చిన్న జోన్లు చేస్తే, ప్రెషర్ పెరిగితే దానంతటదే ఆగే మోటారు మాటిమాటికీ ఆగి, మొదలై పాడవుతుంది.

రెండుమూడు స్ప్రింక్లర్లే ఉంటే ఒకే లైన్ చాలు. అంతకు మించినా, వేసవిలో మట్టం పడిపోయే బావి అయినా నా ఓటు జోన్లకే.