ఆరేళ్లు మోసిన 8×42 బైనాక్యులర్

పిట్టలకూ చుక్కలకూ ఒకటే సరిపోతుందని మొదట 10×50 బైనాక్యులర్ కొన్నాను. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రానికి మెడలో వేసుకుని వెళ్తే మధ్యాహ్నానికల్లా మెడ పట్టేసింది. బరువు ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణి. చేతి వణుకు కూడా పదింతలై కనిపిస్తుంది. ఎగిరే గూడబాతును (పెలికాన్‌ను) వెతికి పట్టుకునేలోపే అది చెరువు దాటిపోయేది.

మరుసటి శీతకాలం 8×42తో అదే చెరువు గట్టున నిలబడ్డాను. గూడబాతు పైముక్కు అంచున వరసగా నీలి చుక్కలు! అంతవరకూ వాటిని బొమ్మల్లోనే చూశాను. ఆ రోజు ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో ఆ లెక్క, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు వృత్తం అంత వెడల్పు. అదే 10×42లో 4.2 మాత్రమే. ఎండలో ఈ తేడా తెలియదు. నల్లమల అడవిలో మన్ననూరు దగ్గర ఒక తెల్లవారుజామున, చెట్ల కింద ఇంకా మసకగా ఉండగా, వడ్రంగి పిట్ట చప్పుడు వినిపించింది. మిత్రుడి 10×42లో అది నల్లటి నీడ. నా దాంట్లో వీపు మీది బంగారు రంగు తెలిసింది.

ఇక రాత్రి. మామూలు కంటికి ఆరేడు చుక్కలుగా కనిపించే పిల్లలకోడి (కృత్తికలు) ఇందులో చుక్కల గంపలా ఉంటుంది. గొల్లకావడి (ఓరియన్ నడుము దగ్గరి మూడు చుక్కలు) కింద ఉన్న నెబ్యులా, అంటే వాయువూ ధూళీ కలిసిన మబ్బు, తెల్లటి మసకలా తెలుస్తుంది. గురుడి చందమామలు మాత్రం నిలబడి చూస్తే దొరకవు. బండ మీద వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబడితే గురుడి పక్కన సూదిమొనల్లా కనిపిస్తాయి. చుక్కలే ముఖ్యమనుకునేవారు 10×50తో పాటు స్టాండు కూడా కొనుక్కోవాలి, అందులో సందేహం లేదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగో ఏడు కంటి దగ్గరి రబ్బరు వదులైంది. మెడపట్టీ తీసేసి, భుజాల మీదుగా వేసుకునే పట్టీలు పెట్టుకున్నాను. పాత 10×50లో రెండో వానాకాలానికే లోపలి అద్దానికి బూజు పట్టింది. దీనికి పట్టలేదు, నీరు చొరకుండా మూసి, లోపల నైట్రోజన్ నింపినది కాబట్టి.

కొనేటప్పుడు దుకాణం బయటికి వచ్చి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ను రెండు నిమిషాలు చూడండి. రెండు బొమ్మలు ఒకటిగా కలవకపోయినా, కళ్లు లాగుతున్నట్టున్నా ఆ జత వద్దు. కళ్లద్దాలవాళ్లు అవి పెట్టుకునే చూడాలి; వృత్తం అంచులు నల్లబడితే ఇంకొకటి అడగండి.