మాయలో కణాల చావు: అపోప్టోసిస్, ఫెరాప్టోసిస్

తిరుపతిలో ప్రసూతి ఆసుపత్రికి చెకప్‌కు వెళ్లిన గర్భిణికి బీపీ 140/90 దాటి, మూత్రంలో ప్రొటీన్ పోతోందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. 20 వారాల తర్వాత వచ్చే ఈ ప్రీఎక్లాంప్సియాకు మూలం చాలావరకు మాయలోనే, అంటే కడుపులో బిడ్డకు ఆక్సిజన్, ఆహారం అందించే ప్లాసెంటాలోనే ఉంటుంది. అక్కడ కణాలు చనిపోయే తీరుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

1972లో పేరు పెట్టిన అపోప్టోసిస్‌లో కణం ముడుచుకుని, ముక్కలై, పక్కవాటికి పెద్దగా హాని చేయకుండా పోతుంది. మామూలు గర్భంలోనూ ఇది కొంత ఉంటుంది.

2012లో పేరొచ్చిన ఫెరాప్టోసిస్ అలా కాదు. నాకు భయం దీంతోనే. మాయకు రక్తం సరిగా అందక ఆక్సిజన్ హెచ్చుతగ్గులైతే, కణంలో విడిగా ఉన్న ఇనుము రెచ్చిపోతుంది. నూనె ముక్కిపోయినట్టు కణం పొరలోని కొవ్వు పాడవుతుంది. దాన్ని బాగుచేసే జీపీఎక్స్4 ఎంజైమ్ తగ్గితే పొర చిరిగి, లోపలిదంతా బయటపడి, చుట్టూ వాపు రేగుతుంది. అపోప్టోసిస్‌ను నడిపే కాస్పేజ్‌లనే ఎంజైమ్‌లను అడ్డుకున్నా ఇది ఆగదు. ఇనుమును పట్టేసే మందులు ఆపుతాయి కానీ, అది ల్యాబ్‌లో సంగతి.

ఇనుము పేరు విని మాత్రలు మాత్రం మానేయకండమ్మా. రక్తహీనత తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. ఏఎన్ఎం ఇచ్చే 60 మిల్లీగ్రాముల ఎర్ర మాత్ర రోజుకొకటి, 180 రోజులు వేసుకోవాల్సిందే. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.